వ్లాదిమిర్‌కు వచ్చిన ఫోన్లు

మగపిల్లవాడు పుడితే స్లావ్ పేరు పెట్టండి, అదే, రష్యా, సెర్బియాల వైపు పేరు! మిరోస్లావ్, బొగ్దాన్, స్టానిస్లావ్... ఏదైనా సరే. ఆస్ట్రేలియాలో బిడ్డ భవిష్యత్తుకు ఇంతకు మించిన టీకా లేదు. బొగ్దాన్ అంటే దేవుడిచ్చినవాడు. అదే అర్థమని దేవదత్తుడు అని పెట్టారో, ఆ దేవుడే ఉద్యోగమూ ఇవ్వాలి! నవ్వకండి. ముందు బొల్లిన వ్లాదిమిర్ సంగతి వినండి.

వ్లాదిమిర్‌ది తెనాలి. తండ్రి పక్కా కమ్యూనిస్టు. సోవియట్ పత్రిక వస్తే ఊళ్ళో అందరూ ఆ నున్నటి కాగితాలతో నోటు పుస్తకాలకు అట్టలేసుకునేవారు. ఆయనొక్కడే చదివేవాడు. ఆ చదువు ఫలితం కొడుకు అనుభవించాడు. నాయనమ్మకు నోరు తిరగక 'లడ్డూమీర్' అనేది. బడిలో మాస్టారు హాజరు పట్టీలో 'వల్లభమీరు' అని రాసుకున్నాడు. హైదరాబాద్‌లో ఇంటివాళ్ళు "ఇంతకీ మీరు మనవాళ్ళేనా?" అని మూడుసార్లు అడిగి, ఇల్లు ఇంకొకరికిచ్చారు. ఇన్ని అవమానాలు పడ్డ ఆ పేరు బ్రిస్బేన్‌లో దిగగానే బంగారమైపోయింది!

ఆ ఊరి శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో వ్లాదిమిర్, జనార్దనరావు ఒకే ఇంట్లో అద్దెకు దిగారు. ఒకే కాలేజీ, ఒకే బ్యాచ్, మొన్నటిదాకా ఒకే కంపెనీ. రెజ్యూమే కూడా ఒకటే. జనార్దనరావు కష్టపడి రాసుకుంటే, వ్లాదిమిర్ పేరు మార్చి వాడుకున్నాడు. వ్లాదిమిర్ ఆరు ఉద్యోగాలకు అప్లై చేస్తే ఐదు ఫోన్లొచ్చాయి. ఏడాదిలో అరవై నాలుగు పంపిన జనార్దనరావుకు ఒకే ఒక్కటి. అది కూడా సోలార్ ప్యానెళ్ళు అమ్మేవాడిది!

"ఒరేయ్, నాలో ఏం తక్కువరా?" అన్నాడు జనార్దనరావు.

"తక్కువేం లేదురా. అక్షరాలే కాస్త ఎక్కువయ్యాయి," అన్నాడు వ్లాదిమిర్, ఓదార్చాననుకుని.

ఇంటర్వ్యూ రోజు మేనేజర్ జోరాన్ స్వయంగా ఎదురొచ్చాడు. సెర్బియా మనిషి, తలుపంత ఎత్తు. రిసెప్షన్‌లో కూర్చున్న వ్లాదిమిర్‌ను దాటుకుని కార్ పార్క్ దాకా వెళ్ళి, వెతికి వెతికి తిరిగొచ్చి, "వ్లాదిమిర్?" అని గాలిని అడిగాడు.

వ్లాదిమిర్ లేచి నిలబడ్డాడు. జోరాన్ తలనుంచి బూట్లదాకా చూశాడు.

"మీ అమ్మగారు మావాళ్ళా?"

"కాదండీ. మా నాన్న పార్టీ మనిషి."

జోరాన్ పగలబడి నవ్వాడు. ఇంటర్వ్యూ చేసి, వాళ్ళ ఆచారం ప్రకారం బుగ్గలమీద మూడు ముద్దులు పెట్టి ఉద్యోగమిచ్చాడు.

వ్లాదిమిర్‌కు వారం రోజులు నిద్ర పట్టలేదు. ఆ కుర్చీలో తను కూర్చున్నాడా, తన పేరు కూర్చుందా? చివరికి జనార్దనరావు రెజ్యూమే తీసుకెళ్ళి జోరాన్ ముందు పెట్టాడు.

"ఇది నీదే కదా?" అన్నాడు జోరాన్ నవ్వుతూ.

"కాదు, మా జనార్దనరావుది. ఇదే ఉద్యోగానికి నాకన్నా ముందే పంపాడు. ఎవరూ పిలవలేదు."

జోరాన్ నవ్వు ఆగిపోయింది. లేచి తలుపేసి వచ్చాడు.

"నేనొచ్చిన కొత్తలో తొమ్మిదేళ్ళు జాన్‌గా బతికాను, మేట్. జోరాన్ అని రాస్తే ఫోనే మోగేది కాదు. తర్వాత మెల్‌బోర్న్‌లో జరిగే టెన్నిస్ పోటీల్లో మా సెర్బియా కుర్రాడు నోవాక్ గెలవడం మొదలుపెట్టాడు. ఏటా జనవరిలో దేశమంతా మా పేర్లు పలకడం ప్రాక్టీసు చేసింది. అప్పుడు ధైర్యం చేసి మళ్ళీ జోరాన్‌నయ్యాను. ఈసారి ఖాళీ వస్తే మీవాణ్ణి నేనే పిలుస్తాను."

ఆ సాయంత్రం వ్లాదిమిర్ ఇదంతా చెప్పి, "అందాకా ఇవాన్ అని మార్చుకోరా. ఒక్క ఫారం నింపితే చాలు," అన్నాడు.

"మా తాత పేరురా ఇది. మార్చను," అన్నాడు జనార్దనరావు. "అయితే మన పేరున్నవాడెవడో ఒకడు గెలవాలన్నమాట. అంతేగా?"

శనివారం పొద్దున్నే టెన్నిస్ కోర్టులో తేలాడు. నలభై ఒకటో ఏట, మోకాలికి పట్టీ, నెట్ కంటే ముందుకొచ్చిన పొట్ట. పక్కన సంచీ మోస్తూ వ్లాదిమిర్.

కోచ్ ఫారం మీది పేరును కూడబలుక్కుని, సగంలో ఆగిపోయాడు. "మేట్, జానో అని పిలవొచ్చా?"

"ఇప్పుడెలాగైనా పిలుచుకో. గ్రాండ్‌స్లామ్ గెలిచాక మాత్రం 'రావు'తో సహా పలకాలి!"

"సరే సరే," అన్నాడు కోచ్ పెన్ను తీస్తూ. "అనుభవం ఎంత?"

జనార్దనరావు కోచ్ చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఈ దేశంలో ఆ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వే, మేట్!"