పదహారో వస్తువు

2008 నవంబరు 14, శుక్రవారం ఉదయం 10.20 గంటలకు కర్నూలులో ఒక కల్యాణమండపం గేటు దగ్గర టెరాహెర్ట్జ్ భద్రతా కెమెరాను ప్రారంభించారు. పదకొండున్నరకల్లా అది ఒక సాయుధుణ్ణి పట్టుకుంది.

పది ఇరవైకే ముహూర్తం పెట్టడానికి కారణం పదిన్నరకు రాహుకాలం. మండపంలో ఆ రోజు సామరస్య సదస్సు. ముప్పై ఏళ్లుగా నరుక్కుంటున్న రెండు వర్గాలు ఒకే పంక్తిలో భోంచేయాలని జిల్లా శాంతి సంఘం తీర్మానించింది. భోజనానికి ఎవరూ ఆయుధాలతో రాకుండా చూడడం కెమెరా పని.

ఆ కెమెరా కిరణాలు బట్టను దాటిపోతాయి, ఇనుము దగ్గర ఆగిపోతాయి. చొక్కా కింద ఏముందో తెర మీద తేలుతుంది. అందుకు లోపలి అద్దం మనిషిని తల నుంచి కాలిదాకా గీత గీతగా చూసుకుంటూ దిగాలి. దాన్ని నడిపే మర కడ్డీ ఒక్కోసారి వెంట్రుక మందంలో పదో వంతు మాత్రమే జరగాలి. అంతకు మించితే కొడవలి దువ్వెనలా కనిపిస్తుంది.

ఆ కడ్డీనీ, దాన్ని తిప్పే డ్రైవ్‌నూ చేసినవాడు కోయిలకుంట్లలో బోరు మోటార్లు బాగుచేసే లేవి. మూడు కంపెనీలు పంపిన నమూనాల కంటే అది నిక్కచ్చిగా నడిచిందని కెమెరాను రూపొందించిన పరిశోధనాధికారి శివప్రసాద్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. మండపం గేటు దగ్గర ఈ పరీక్ష నెగ్గితే నలభై కెమెరాలకు డ్రైవ్‌లు లేవి షెడ్డులోనే తయారవుతాయి.

ఆ నలభై కోసం లేవి పద్నాలుగు నెలలు మోటార్లు ముట్టుకోలేదు. భార్య రాహేలమ్మ కూలికి పోయి ఇల్లు నడిపింది. ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా చేతికిచ్చి, "ఈ పొద్దు గూడా ఆ మర తిరక్కపోతే, రేపు పత్తి తీసేదానికి నువ్వే పోదువు" అంది.

ప్రారంభోత్సవంలో సంఘం అధ్యక్షుడు దేవేంద్రప్ప కెమెరాకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, మూత తీయించి, అద్దం కింద నిమ్మకాయ పెట్టాడు.

"ఇది లారీ కాదు సార్. నిమ్మకాయ తొక్కలేదు" అన్నాడు లేవి.

"కదుల్తాదా, లేదా?"

"కదుల్తాది. వెంట్రుకలో పదో వంతు."

"ఎంత కదిలితే ఏమప్పా? కదిలేదానికి నిమ్మకాయ ఉండాల."

మీట నొక్కారు. అద్దం నిమ్మకాయదాకా వచ్చి ఆగింది. చప్పట్లు కొట్టారు. లేవి నిమ్మకాయ తీసి, కడ్డీకి అంటిన రసాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. అద్దం ఎంత పక్కకు జరిగిందో వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, దాని చోటికి తెచ్చాడు. కాలిపర్ అంటే రెండు దవడల ఇనుప కొలబద్ద. పని ముగిశాక దాన్ని అలవాటు ప్రకారం చొక్కా కింద నడుముకు దోపుకున్నాడు.

ఈలోగా దేవేంద్రప్ప మైకు అందుకున్నాడు. "ఈ కెమెరా ముందర పెద్దా లేదు, చిన్నా లేదు. నాయకుడైనా కూలోడైనా దీనికి ఒగటే" అని చెప్పి, వంటపాత్రలు పోయే పక్క గేటులోంచి లోపలికి వెళ్లాడు. ఇరువర్గాల నాయకులు గౌరవనీయులు కనక ఆయన వెనకే వెళ్లారు. గన్‌మన్‌ల దగ్గర తుపాకులున్న సంగతి అందరికీ తెలుసు కనక వాళ్లను చూడాల్సిన పని లేకపోయింది. అనుచరులకు నాయకులు హామీ ఉన్నారు. వర్తక సంఘంవారు భోజనం పెట్టిస్తున్నారు. పెట్టేవాళ్లను సోదా చేయడం మర్యాద కాదు. మొత్తం రెండు వందల పన్నెండు మంది పక్క గేటులోంచి వెళ్లారు.

నివేదికకు ఒక్క చిత్రమైనా కావాలని శివప్రసాద్ అన్నాడు. గేటు దగ్గర పోలీసులు కాక మిగిలింది లేవి. వెళ్లి నిలబడ్డాడు. ఇరవై సెకన్లలో తెర మీద అతని నడుం దగ్గర రెండు దవడలు మొనలతో సహా తేలాయి.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బొజ్జన్న ఆ వస్తువును బయటికి తీయించాడు. అది కొలిచే సామానని లేవి చెప్పాడు. శివప్రసాద్ లేవిని పక్కకు పిలిచి విషయం వివరించాడు. అది ఆయుధం కాకపోతే కెమెరా తప్పు చూపినట్టు. తప్పు చూపితే పరీక్ష పోయినట్టు. పరీక్ష పోతే నలభై లేవు.

లేవి తెరకేసి చూశాడు. దవడల అంచు ఎక్కడా చెదరలేదు. ఏ గీతా పక్క గీత మీదికి ఎక్కలేదు. పద్నాలుగు నెలల్లో అంత తేటగా రావడం అదే మొదలు.

"ఏమప్పా, ఇది ఆయుధమా, కాదా?" అన్నాడు బొజ్జన్న.

"ఆయుధమే సార్" అన్నాడు లేవి.

మధ్యాహ్నం ఒకటిన్నరకు రెండో బంతిలో, మాంసం ముందు ఎవరికి వడ్డించాలనే విషయమై సదస్సులో అభిప్రాయభేదం వచ్చింది. తొమ్మిది మందిని ఆసుపత్రికి తరలించారు. వాడిన ఆయుధాల్లో ఒక్కటీ కెమెరా ముందు నుంచి వెళ్లలేదు కనక కెమెరాకు మచ్చ రాలేదు. పరీక్షకు నిలిచినవారు ఒకరు, పట్టుబడినవారు ఒకరు, ఫలితం నూటికి నూరు అని శివప్రసాద్ నివేదిక ఇచ్చాడు. నలభై కెమెరాలు మంజూరయ్యాయి. మారణాయుధాల కేసు ఉన్నవారు టెండరుకు అనర్హులు. డ్రైవ్‌ల ఆర్డరు ఒక బోరు పైపుల దుకాణానికి వెళ్లింది. దాని మీద కేసులు లేవు.

లేవి అరెస్టయిన మరునాడు రాహేలమ్మ స్టేషనుకు సంగటి తెచ్చింది. మర తిరిగిందా అని అడిగింది.

"శానా బాగా తిరిగింది" అన్నాడు లేవి.

సదస్సు రోజు పోలీసులు స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో ఎనిమిది వేటకొడవళ్లు, నాలుగు నాటుబాంబులు, మూడు పిడిబాకులు ఉన్నాయి. ఈ పదిహేనింటి ఎదుట 'యజమాని ఎవరో తెలియదు' అని రాశారు. పదహారోది వెర్నియర్ కాలిపర్. దాని ఎదుట లేవి పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు ఉన్నాయి.