ఏడో పేరు

రెండు నెలల చేపల వేట నిషేధం ముగిసిన ఉదయం. జగన్నాధం పడవ ఆరుగురితో సముద్రంలోకి దిగాలి. దిగేముందు వెళ్లేవాళ్ల పేర్లు చదివి లెక్క సరిచూడడం ఆ ఒడ్డున ఆచారం. విజయనగరంలో ఇంజినీరింగు చదివే కూతురు అరుణశ్రీ, "ఈసారి నా జావా ప్రోగ్రాం లెక్కెడతాది, అయ్యా" అంది. ఈపాటి లెక్క వేళ్ల మీద అయిపోతుంది. కానీ చదువన్నాక నలుగురికీ చూపించుకోవద్దూ!

ప్రోగ్రాం పేర్ల వరసను ఒక్కో అక్షరమే చూసుకుంటూ పోతుంది. కామా కనబడ్డప్పుడల్లా ఒక మనిషిని లెక్కేసి, కామా ఉండని చివరి పేరు కోసం ఇంకొకటి కలుపుతుంది. అరుణశ్రీ లాప్‌టాప్ మీద మీట నొక్కింది. ఏడు అని వచ్చింది.

ఎక్కాల్సింది ఆరుగురే. కిందటేడు ఇదే పడవ మీంచి జారిపడిన అరుణశ్రీ తాత ఎర్రన్న శవమైనా దొరకలేదు.

"ఏడోవోరు ఎవులే?" అని నెమ్మదిగా అడిగింది నాయనమ్మ మరిడమ్మ.

"తప్పేదో ఉన్నాది, ఉండండి" అంటూ అరుణశ్రీ వెతికింది. దొరికింది! చివరి పేరు తర్వాత కూడా కామా పెట్టేసింది తనే. ఆఖరున కలిపే ఒకటిని తీసేసి, దాహమేస్తే లాప్‌టాప్‌ను పడవలో పనిచేసే కళాసీ గోవింద్ చేతికిచ్చి మంచినీళ్లు తాగొచ్చింది. ధీమాగా మీట నొక్కింది.

మళ్లీ ఏడు.

"మావా, నాను రాను" అంటూ ఇంకో కళాసీ గిరిబాబు పడవలోంచి ఒక్క దూకు దూకాడు. మిగతావాళ్లూ వెనక్కి జరిగారు. ఊళ్లో పడవలన్నీ అప్పటికే కనుచూపు దాటిపోయాయి.

"ఇయాల దిగకపోతే ఇది దెయ్యాల పడవైపోతాదే! ఇంకెవడూ ఎక్కడు" అన్నాడు జగన్నాధం, ఏడుపు గొంతుతో.

అరుణశ్రీ పేర్లు పైకి చదివింది. చివర్న, కామాతో సహా, ఎర్రన్న ఉన్నాడు. గోవింద్ తల దించుకున్నాడు.

"నువ్వు నీల్లకెల్తే నానే గోవింద్ చేత ఆ పేరు కొట్టించాను" అంది మరిడమ్మ. "మొగుడి పేరు నాను పలక్కూడదు గదా! ఆయన పేరు లేకుండా పడవ తీసికెల్తే మీ తాత ఊరుకుంటాడేటి? పైగా ఆయనకి ఆకలెక్కువ."

పేరు తీసేస్తే ఆరు వచ్చింది. అందరూ పకపకా నవ్వారు, గిరిబాబు అందరికన్నా గట్టిగా. మరిడమ్మ నవ్వలేదు. ఏడు అన్నం డబ్బాలు పడవలో పెట్టించింది.

సాయంత్రం పడవ నిండా చేపలతో తిరిగొచ్చింది. ఏడు డబ్బాలూ ఖాళీ. ఏడోది తాము ముట్టలేదని ఆరుగురూ గంగమ్మ మీద ఒట్టేశారు.

అరుణశ్రీ ఇంటికెళ్లి, ఆఖరున కలపకుండా తీసేసిన ఆ ఒకటిని ప్రోగ్రాంలో మళ్లీ కలిపింది.