ఎత్తు తెలుసుకొనుటకు ఇక్కడ నొక్కండి

విమానమనేది, స్థూలంగా చెప్పాలంటే, ఆకాశంలో తిరిగే ఒక కార్యాలయం. కార్యాలయమన్నాక ఎవరి ఫోటో ఎక్కడుండాలన్నది ముందు తేలాలి. అది ఎగురుతుందా, ఎగిరితే దిగుతుందా అన్నవి చిల్లర విషయాలు. వాటిని కింది స్థాయి సిబ్బంది చూసుకుంటారు.

ఈ సత్యాన్ని లోకానికి చాటడానికే ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట, మిర్చి బజ్జీల బండి వెనకున్న భవనంలో ‘చిన్న విమానాల సమాచార తెరల స్పష్టతా మండలి’ వెలసింది. (భవనానికి లిఫ్టు ఉంది. ఏ అంతస్తులో ఉన్నామో చూపే అంకె మాత్రం వెలగదు.) శేరిగూడలో ఇంజనీరింగ్ చదివిన షహీన్ అక్కడ తెరలు రూపొందించే ఉద్యోగి. విమానం నడిపేవాళ్ల కళ్లముందు ఏముండాలో నెలల తరబడి ఆలోచించి, నల్లటి తెర మీద నాలుగే నాలుగు చూపించింది: వేగం, దిక్కు, ఇంధనం, ఎత్తు. ఎత్తు అంకె అన్నిటికన్నా పెద్దది. వాళ్ల దాదీమా వజీర్ బీ వాకిట్లో నిలబడి, కళ్లద్దాలు లేకుండా, ఇంట్లో ఉన్న తెరను గడగడా చదివేసింది. షహీన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఎందుకంటే తొలి పరీక్షలో ఆ తెరను నమ్ముకుని ఎగరబోయేది ఆమె హాస్టల్ స్నేహితురాలు రూత్.

మండలి అధ్యక్షుడు అమరేందర్ తెరను ఆ పక్కనుంచీ ఈ పక్కనుంచీ చూశాడు.

“మస్తు జేసినవ్ బిడ్డా. గని గింత జాగ ఖాళీగ ఇడిచిపెట్టినవేంది? ఎవలన్న జూస్తే మనం పనే జేస్తలేమనుకుంటరు.”

మొదటి సమావేశంలో ఆ జాగాలోకి మండలి చిహ్నం, దాని కింద కదిలే అక్షరాల్లో ‘చోదక మహాశయులకు హార్దిక స్వాగతం’ వచ్చి చేరాయి. రెండో సమావేశంలో ఫోటోలు. అధ్యక్షుడిది పళ్లెమంత, సభ్యులవి హోదాను బట్టి గిన్నెలంత (ముందుముందు రాబోయే సభ్యులకు రెండు గుండ్రాలు అట్టిపెట్టారు). ఉపాధ్యక్షుడు రాంచందర్‌కు ఇంధనం ముల్లు పక్కన చోటు దొరికింది.

“పెట్రోలు తగ్గినకొద్ది ముల్లొచ్చి నా ముక్కు మీద నిలవడ్తున్నది. జర ఇజ్జత్ ఉండాల్నా వద్దా?” అన్నాడాయన.

ముల్లును సగం దగ్గరే ఆపేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇంధనం అడుగంటితే ఎర్రగా వెలిగే ‘ప్రమాదం’ అన్న మాట అపశకునంగా ఉందని తీసేసి, లేత గులాబీ రంగులో ‘వీలు చూసుకొని గమనించగలరు’ అని పెట్టారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని షహీన్ పళ్లు నూరుకుంది. ఇక ఎత్తుకు చోటు మిగల్లేదు. దాన్ని మూలకు నెట్టి, ‘ఎత్తు తెలుసుకొనుటకు ఇక్కడ నొక్కండి’ అన్న మీట పెట్టారు.

షహీన్ లేచి నిలబడింది. “సార్, దిగేటప్పుడు ఎత్తు కనవడకుంటే రూత్ పానం వోతది.”

“మంచిగ మీటింగ్ నడుస్తుంటే గవేం మాటలమ్మా?” అన్నాడు అమరేందర్ చాయ్ ఊదుకుంటూ. “ఎత్తు ఏడికి వోతది? విమానం కిందనే ఉంటది గద.”

ఆ మాటకు సభ్యులు చప్పట్లు కొట్టారు.

పరీక్ష రోజు పొద్దున విమానం పక్కనే షహీన్ స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. “ఎక్కకే రూత్. గది నేను జేసిన తెర గాదిప్పుడు.”

“ఏం ఫికర్ వెట్టుకోకు. నువ్వు కిందికెల్లి రేడియోల మాట్లాడుతుండు,” అని రూత్ నవ్వి ఎక్కేసింది.

విమానం బుద్ధిగా లేచింది. అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా తిరిగి, కోహెడ దగ్గర దిగడం మొదలుపెట్టింది. ఎత్తు చూద్దామని రూత్ మీట నొక్కింది. షరతులకు అంగీకరించమంది తెర. అంగీకరించింది. ఇప్పుడు తాను మనిషేనని నిరూపించుకోమంది.

“షహీన్, ట్రాక్టర్లున్న బొమ్మలు గుర్తువట్టుమంటుందే,” అంది రూత్ రేడియోలో. “ఒకదాంట్ల ఉత్త టైరే కనవడ్తుంది. గది లెక్కకొస్తదా?”

“తెర ఇడిచిపెట్టే! కిటికీలకెల్లి బయటికి జూడు!” షహీన్ కేకకు పక్కనున్న అమరేందర్ చాయ్ ఒలకబోసుకున్నాడు.

రూత్ బయటికి చూసింది. అసలు ట్రాక్టరే కనిపించింది. దాని డ్రైవరు తెరిచిన నోరు, ఆ నోటి మీది మీసం కూడా కనిపించాయి. ఎత్తు సంగతి ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒక్క ఊపున విమానాన్ని పైకి లేపి, కిటికీలనే నమ్ముకుని, తిన్నగా వచ్చి రన్‌వే మీద దిగింది. షహీన్ పరుగున వెళ్లి ఆమెను కావలించుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. అప్పుడు తెర మీద ‘మా ఎత్తు మీకు నచ్చిందా? నక్షత్రాలు ఇవ్వండి’ అని వచ్చింది.

విచారణ చకచకా ముగిసింది. తెరలో లోపమేమీ లేదని తేలింది. విమానం కిటికీలు మాత్రం మండలి అనుమతి లేకుండా, పైన ఒక్క ఫోటో అయినా లేకుండా, చోదకులకు నేరుగా సమాచారం ఇస్తున్నట్టు బయటపడింది. అనధికార మార్గంలో ఎత్తు తెలుసుకున్నందుకు రూత్‌కు మెమో ఇచ్చారు. కిటికీలకు నల్లరంగు వేయించారు.

వచ్చే సోమవారం ఆమె మళ్లీ ఎగరాలి. చూడటానికి ఇక మరేదీ లేదు కనుక, తెర నూటికి నూరుపాళ్లు స్పష్టంగా ఉన్నట్టు మండలి ముందుగానే ధ్రువీకరించింది.