ఆవలించే ఏనుగు

నవ్వబోమని ముందు మాటివ్వండి, అప్పుడే చెబుతాను. మీ ముఖాలు చూస్తుంటే నాకు నమ్మకం కలగడం లేదు. అయినా కడుపులో దాచుకుంటే నాకు అరగదు కాబట్టి చెప్పేస్తున్నాను.

మా ఇంట్లో నా పేరు మ్యూజియం గారు. పెట్టింది మా ఆవిడే. ఖాళీ అగ్గిపెట్టెలు, సీసా మూతలు, తాళంచెవుల గొలుసులు, ఎవరో పారేయబోతుంటే అడ్డంపడి తెచ్చుకున్న బొమ్మలు. హాల్లో గోడ బీరువా నిండా ఇవే. తలుపు తెరిస్తే ముందు ఒక మూత దొర్లుకుంటూ వచ్చేది, దాని వెనకాలే బంధుబలగమంతా దిగేది.

మా ఆవిడ పరదాలు కుడుతుంది. ఇళ్ళకు, ఆఫీసులకు, లాడ్జీలకు. పని బాగా పెరిగింది, గుడ్డ తానులూ పెరిగాయి. నేను కాస్త నడుం వాల్చాలంటే ఏదో ఒక లాడ్జీ పరదా మీదే వాల్చాలి. ఆ ముడతలు నా వల్లేనని రెండుసార్లు రుజువైంది కూడా.

ఒకరోజు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే ఉండి, విషయం తేల్చేసింది.

"ఆ బీరువా నాకు కావాలి."

"మరి నా సేకరణ?"

"ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"కాస్త ఆలోచించుకోనీ."

"ఏమిటీ, ఆలోచిస్తారా?"

సూదులన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. నేను ఆలోచించడం మానేశాను.

ఆ కష్టకాలంలో ఆదుకున్నవాడు మా బావమరిది. ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు.

"ఇంకా సీసా మూతలేంటి బావా! ఇప్పుడంతా ఫోన్లోనే. 'అరచేతి అంగడి' అని యాప్ ఉంది, చూడు" అన్నాడు.

సంగతేమిటంటే, కార్టూన్ కంపెనీ వాళ్ళు తమ బొమ్మల్ని ఆ అంగడిలో అమ్ముకోవడానికి అనుమతిస్తారు. ప్రతి బొమ్మకూ కంపెనీ ముద్ర, ఒక నంబరు ఉంటాయి. కొన్ని ప్రతులే వదులుతారు. కొనుక్కోవచ్చు, ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు. అందులో నా కన్ను 'గుర్రు ఏనుగు' మీద పడింది. ఎక్కడ పడితే అక్కడ నిద్రపోయే ఏనుగు. మొత్తం పన్నెండు బొమ్మలు. పన్నెండూ ఒకచోట చేరాయంటే కళ్ళు తెరిచిన బంగారు ఏనుగు పుడుతుంది. అది కొంటే దొరకదు, పోగేసినవాడికే దక్కుతుంది. పుట్టాక ఆ పన్నెండూ ఇక విడిపోవు.

మహా త్యాగమూర్తిలా ముఖం పెట్టి మా ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఫోనులో ఏనుగును చూపించాను.

"దీన్ని ఎవరైనా ఫోటో తీసుకోవచ్చుగా?" అంది.

"ముద్ర ఉన్నది నా దగ్గరే ఉంటుంది. నా ఫోటో ఎవరైనా తీసుకుంటే నేను వాళ్ళ మొగుణ్ణి అయిపోతానా?"

"తీసుకెళ్ళమనండి. అడ్డెవరు?"

ఆ మాట విననట్టే నటించాను. "బీరువా నీదే. కానీ ఇంట్లో చోటు తీసుకోని సేకరణ ఏది చేసినా నువ్వు నోరు విప్పి ఒక్క మాట అనకూడదు."

ఈసారి సూదులు బయటికి తీసింది. "చోటు తీసుకోదా?"

"ఆవగింజంత కూడా."

"సరే, నోరు విప్పను. మాట."

ఇంత తేలిగ్గా గెలిచినందుకు నాకే ఆశ్చర్యమేసింది. నా మూతలూ అగ్గిపెట్టెలూ పాతసామాన్లవాడి బండెక్కి వెళ్ళిపోయినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, కాస్త ఏడ్చాను కూడా.

తర్వాత ఏనుగుల్లో పడ్డాను. నాది కళ్ళజోళ్ళ దుకాణమని మీకు తెలుసుగా. ఒక పెద్దాయన బోర్డు మీది అక్షరాలన్నీ తప్పు చదివితే నేను ఫోను చూసుకుంటూ "భేష్" అన్నానట. అద్దాలు లేకుండానే ఇంటికి వెళ్ళిపోయి, అంతా బాగానే ఉందని కోడలికి చెప్పాడట. కోడలు వచ్చి పెట్టిన చీవాట్లు వేరే కథ. మొత్తానికి పదకొండు ఏనుగులు సంపాదించాను.

మిగిలింది ఆవలించే ఏనుగు. అంగడంతా గాలిస్తే ఒక్కరి దగ్గరే దొరికింది. ఆ మనిషి పేరు మౌనముని.

"అయ్యా, మీ ఏనుగు కావాలి. ఏమిమ్మంటారు?" అని రాశాను.

"ఎవరికి పడితే వారికి ఇవ్వను. వస్తువును శుభ్రంగా చూసుకునేవారికే ఇస్తాను. మీ హాల్లో ఫ్యాను ఫోటో పంపండి."

"ఫోనులో ఉండే ఏనుగుకు ఫ్యానుతో ఏం పనండీ?"

"ఫ్యాను రెక్కలు తుడవనివాడు ఏనుగును ఏం చూసుకుంటాడు?"

ఎంత లోతైన మాట! ఎవరో పండిపోయిన సేకర్త అనుకున్నాను. వెంటనే స్టూలెక్కి ఫ్యాను తుడిచాను. దుమ్మంతా నెత్తిన పడి పిండిమర నుంచి వచ్చినవాడిలా తయారయ్యాను.

మా ఆవిడ మిషను ఆపి చూసింది. "ఒంట్లో బాగానే ఉందా?"

"ఏం? ఇల్లు శుభ్రం చేసుకోవడం తప్పా?"

"అబ్బే, తప్పని ఎవరన్నారు?" అని మళ్ళీ మిషను తొక్కింది.

మౌనమునికి ఫ్యాను నచ్చింది. కానీ సోఫా కాలు చూడాలన్నాడు. మా సోఫాకు మూడే కాళ్ళు, నాలుగోది ఇటుక. దానికి కాలు పెట్టించాను. తర్వాత పడకగది గడియ బిగించాను. తర్వాత పెరటి తలుపుకు రంగు వేశాను. ఒక్కొక్క ఫోటో పంపిస్తుంటే "బాగుంది, ఇంకొక్కటి" అని జవాబు వచ్చేది. మా ఆవిడ ఏళ్ళ తరబడి మొత్తుకున్నా చెవిన పెట్టని పనులన్నీ ఒక ఏనుగు ఆవలింత కోసం పరుగెత్తి పరుగెత్తి చేశాను.

చివరికి మౌనముని కరిగాడు. "మీ పదకొండూ నాకు పంపండి. నా దాంతో కలిపి కట్టకడతాను. ఈలోగా మీ వంటింటి కొళాయి కారకుండా చేసి ఫోటో పంపండి."

"మా కొళాయి కారుతుందని మీకెలా తెలుసు?"

"ఎవరింట్లో కారదండీ?"

నిజమే కదా అనుకున్నాను. కట్టకట్టి ఎవరికిస్తాడో అడగాలని కూడా నాకు తట్టలేదు. ఊరందరి చూపూ సరిచేసేవాణ్ణి, నా ఏనుగులు పదకొండింటినీ వరసగా తోలేశాను.

ఇక కొళాయి మీద పడ్డాను. అసలు నీళ్ళ గొట్టం ఎక్కడ కట్టేయాలో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అంతకన్నా తెలియదు. పానాతో గట్టిగా ఒక తిప్పు తిప్పాను. కొళాయి తల ఊడి నా చేతికి వచ్చింది. నీళ్ళు కప్పుకు తగిలి నా మీద పడ్డాయి. అరచేతులు అడ్డంపెడితే వేళ్ళ సందుల్లోంచి నాలుగు వైపులా చిమ్మాయి. కిందికి వంగేసరికి చొక్కా జేబులోని ఫోను బుడుంగున బకెట్లో మునిగింది.

"నా ఏనుగులు!" అని కేక పెట్టాను.

"నా పరదాలు!" అని హాల్లోంచి ఇంకో కేక వినిపించింది.

లాడ్జీ వాళ్ళ తానులు నేల మీద ఉన్నాయి, నీళ్ళు వాటివైపే పోతున్నాయి. మా ఆవిడ తానులన్నీ ఎత్తి గోడ బీరువా పైఅరల్లోకి నెట్టేసింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఏదో తిప్పింది. నీళ్ళు టక్కున ఆగాయి. గుడ్డకు ఒక్క చుక్క తగల్లేదు. నేను మాత్రం నిలువునా తడిశాను.

ఫోను తీసి ఊదాను, దులిపాను, తుడిచాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నీ ఫోను ఒక్కసారి ఇవ్వు! నా ప్రాణాలన్నీ ఒకాయన దగ్గరున్నాయి!"

చేతిలో తడిగుడ్డ పిండుతూ, గడ్డంతో బల్లవైపు చూపించింది. తీశాను. అందులో అరచేతి అంగడి అప్పటికే ఉంది. నొక్కాను.

'స్వాగతం, మౌనముని గారూ' అంది.

కింద నా పదకొండు ఏనుగులు, వాటి పక్కన ఆవలించే ఏనుగు. అన్నింటికీ పైన బంగారు ఏనుగు. రెండు కళ్ళూ తెరిచి నన్నే చూస్తోంది.

"నువ్వా!"

"నేనే."

"ఈ యాప్ గురించి నీకెవరు చెప్పారు?"

"మా తమ్ముడు."

వాడు నాకు బావమరిది కాకముందే ఆమెకు తమ్ముడన్న సంగతి నేనే మరిచిపోయాను.

"నోరు విప్పనని మాటిచ్చావు!"

"విప్పానా? ఒక్క మాటైనా అన్నానా? అంతా టైపు చేశానండీ."

మూతలతో పాటు నా తెలివి కూడా బండెక్కి పోయినట్టుంది.

"నా పదకొండైనా ఇచ్చెయ్" అన్నాను చిన్నగా.

"ఎలా ఇవ్వను? పుట్టాక విడిపోవుగా. కంపెనీ ముద్ర పడిపోయింది."

తడి నేల మీదే కూలబడ్డాను. కాసేపటికి ఆమె కాఫీ తెచ్చి నా పక్కన కూర్చుంది.

"అసలు ఈ ఆవలించే దాన్ని ఎందుకు కొన్నావు?" అని అడిగాను.

"సోఫాలో మీరు ఆవలించినట్టే ఉంది. ముద్దొచ్చింది, కొనేశాను. ఈ పనుల ఆలోచన తర్వాత వచ్చింది."

ముద్దొచ్చింది ఏనుగా, నేనా అని అడగలేదు. అన్నీ అడిగి తెలుసుకోకూడదు. బంగారు ఏనుగును మాత్రం ఇద్దరం కలిసి చాలాసేపు చూశాం. నిజంగా అందంగా ఉంది. సంతోషమేసింది, కుళ్ళూ పుట్టింది.

ఇదీ కథ. చూశారా, నవ్వబోమని మాటిచ్చి నవ్వుతున్నారు!

సరే, అసలు వచ్చిన పని చెబుతాను. ఫోను ఆరింది. అంగడిలో 'మూతి ముడిచే పిల్లి' కొత్తగా దిగింది. నాకు ఒక్కటి తక్కువైంది. ఇవాళ పొద్దున్నే మౌనముని నుంచి కబురొచ్చింది: "అది నా దగ్గరుంది. ముందు మీ అటక ఫోటో పంపండి."

అవతల ఎవరో నాకు తెలుసు. పక్క గదిలో నా జవాబు కోసం మిషను చప్పుడు ఆగిపోవడం కూడా విన్నాను.

మీలో ఎవరింట్లోనైనా పొడుగు నిచ్చెన ఉందా?