తొట్టిలో ఎనిమిది తుపాకులు

నది రెండోసారి ఊళ్ళోకి వచ్చిన ఏడాది అది. మొదటి వరద మాజీ సైనికుల హాలు గడప దాకా వచ్చి వెనక్కి తిరిగింది. రెండోది ఆగలేదు. లోపలికొచ్చి, బల్లలు తేల్చి, గోడ బీరువాలోని ఏడు తుపాకులనూ నాలుగు రోజులు నానబెట్టి పోయింది. ఆ సెప్టెంబరులో ఒక సోమవారం ఎల్డన్ ట్వెట్ పెట్టుకున్న పనులు రెండే. గడ్డి కోసే యంత్రానికి బ్లేడు మార్చడం, క్యాఫేలో కూర్చుని పాకం రొట్టె తినడం.

రెండూ కాలేదు. ఏడింటికి ఇనెజ్ ఫోన్ చేసి, తన భర్త లెస్టర్ రాత్రి నిద్రలోనే పోయాడని చెప్పింది. ఏడవలేదు. శనివారం సమాధి అంది.

"మూడు విడతలూ పేల్చండి ఎల్డన్. ఆయనకి చెవుడు కదా, గట్టిగా పేల్చండి."

ఎల్డన్ "అలాగే" అన్నాడు. అంతకన్నా ఎక్కువ మాట్లాడటం అతనికి చేతకాదు. అతనూ లెస్టరూ ముప్పై ఏళ్ళు పక్కపక్కన నిలబడి, ఊళ్ళో పోయిన ప్రతి సైనికుడికీ తుపాకి వందనం చేశారు. ఏడుగురు మనుషులు, మూడు విడతలు. చప్పుడే తప్ప గుండు లేని తూటాలు.

తొమ్మిదింటికి సర్కారు ఉత్తరం వచ్చింది. మీ సంఘానికి వాడుకోమని ఇచ్చిన యుద్ధకాలపు సామగ్రి అసలు రూపంలో ఉందో లేదో చూడటానికి గురువారం వస్తున్నాం, మార్చినట్టు తేలితే వెనక్కి తీసుకుంటాం అని అందులో ఉంది. ఎల్డన్ దాన్ని రెండుసార్లు చదివి బీరువా తెరిచాడు.

ఆ తుపాకులు పెద్ద యుద్ధం నాటివి. అయితే ఇన్నేళ్ళూ రైతుల చేతుల్లో ఉన్నవి. రైతు చేతికి వచ్చిన వస్తువు వచ్చినట్టు ఉండదు. జట్టులోని ఓర్లిన్ వయసుతో పాటు కుంగిపోయాడు గనక అతని తుపాకి మడమను రెండంగుళాలు కోసేశారు. గెర్హార్డ్ భుజం నొప్పికి పాలు పితికే యంత్రం రబ్బరు తొడుగు ఒకటి తగిలించారు. వేళ్ళు బిగుసుకుపోయిన వాళ్ళ కోసం, తూటా ఎక్కించడానికి లాగే పిడులకు ట్రాక్టరు గేరు గుబ్బలు అతికించారు. వరద తరవాత తుప్పు ఆగడానికి ఏడింటికీ ట్రాక్టరుకు వేసే ఆకుపచ్చ రంగు పూశారు. అది వేసింది లెస్టరే. చాలా శ్రద్ధగా, రెండు పూతలు వేశాడు.

వీటిని గురువారం పట్టుకుపోతే శనివారం లెస్టర్ చప్పుడు లేకుండా మట్టిలోకి వెళ్ళిపోతాడు. ఎల్డన్‌కు కళ్ళ ముందు అదొక్కటే కనిపించింది.

మిగిలిన ఐదుగురినీ పిలిచాడు. అసలు రూపం ఎలా ఉండేదని వాదన మొదలైంది. ఒకడు నల్లగా ఉండేవన్నాడు, ఒకడు గోధుమ రంగన్నాడు. అందరూ యుద్ధంలో ఆ తుపాకి మోసినవాళ్ళే, ఎవరికీ ఏమీ గుర్తు లేదు. చివరికి డ్వేన్ స్కోగెన్ దగ్గర ఒకటి ఉందన్న సంగతి గుర్తొచ్చింది. డ్వేన్ మందుల షాపు అమ్మేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు, వీళ్ళకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. అతని తుపాకి ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, ఒక్క మర కూడా మారలేదు. ఒక్కసారి కూడా పేల్చలేదు. ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. లెస్టర్ కోసమని చెబితే మెత్తబడి, కొలతలకు మాత్రం ఇచ్చాడు.

"చూడండి, తాకద్దు. దుమ్ము కూడా తుడవద్దు ఎల్డన్ గారూ. ఆ దుమ్ము కూడా దానిదే."

మంగళవారం హాల్లో బల్ల మీద ఎనిమిది తుపాకులూ వరసగా పెట్టారు. ఎల్డన్ కొలతలు తీసుకుని, కొయ్య అతికించడానికి జిగురు తేవడానికి వెళుతూ గెర్హార్డ్‌తో రెండే మాటలన్నాడు. "విప్పి నానబెట్టు." ఏవి విప్పాలో చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉంటుందని అతనికి తోచలేదు.

గెర్హార్డ్ చెప్పిన పని చేసే మనిషి. ఎల్డన్ తిరిగొచ్చేసరికి గుర్రాలు నీళ్ళు తాగే తొట్టి నిండా రంగు వదిలించే మందు, అందులో ఎనిమిది తుపాకుల ముక్కలన్నీ కలగలిసి పడి ఉన్నాయి. ఎల్డన్ జిగురు డబ్బా కింద పెట్టాడు.

"డ్వేన్‌ది ఏది?"

గెర్హార్డ్ వంగి చూశాడు. "పొద్దున తెలిసేది" అన్నాడు.

రాత్రింబవళ్ళు బిగించారు. ఓర్లిన్ భార్య తలుపు కింద ఆనించుకున్న మడమ ముక్కను అడిగి తెచ్చి జిగురుతో అతికించారు. రబ్బరు తొడుగు తీసేశారు. గేరు గుబ్బలు ఊడగొట్టారు. గుండు లేని తూటా పేలాక తరవాతిది తనంతట తానే ఎక్కడానికి గొట్టం మూతికి బిగించే బిరడాలు డ్వేన్ తుపాకికి లేవు గనక అవి అసలువి కావని తేల్చి, గెర్హార్డ్ పాత ఇనుము బండికి వేసేశాడు. బుధవారం సాయంత్రం డ్వేన్ వచ్చి, మెరుస్తున్న ఎనిమిదింటినీ చూసి కుర్చీ వెతుక్కున్నాడు. అరవలేదు. ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పైన నంబరు నాదే. లోపల ఎవరున్నారో తెలీదు" అన్నాడు.

ఎల్డన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. క్షమాపణ చెప్పాలనే అనుకున్నాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం "కాఫీ తాగుతావా?" అని.

గురువారం పదింటికి ఆరుగురూ కోట్లు వేసుకుని, తుపాకులతో హాల్లో నిలబడ్డారు. సర్కారు కారు వచ్చింది. అందులోంచి మెడలో కెమెరాతో ఒక అమ్మాయి దిగి, హాలు దాటి, ఎదురుగా పార్కులోకి వెళ్ళి నిచ్చెన అడిగింది. ఆమె చూడటానికి వచ్చింది అక్కడ స్తంభం మీదున్న పాత శిక్షణ విమానాన్ని. అదీ సర్కారు ఇచ్చిందే. ముప్పై ఏళ్ళుగా దాని నీడలో బండ్లు ఆపుకుంటున్న మనుషులకు అది కనిపించడం ఎప్పుడో మానేసింది.

దాని ఎడమ రెక్క చివర గాలివానకు పోతే ధాన్యం గాదె రేకు కొట్టారు. ముక్కున తిరిగేది గింజలు ఆరబెట్టే యంత్రం పంకా. పావురాలు దూరకుండా పైలట్ కూర్చునే చోట సిమెంటు పోశారు. చర్చి ఆడవాళ్ళు ఒళ్ళంతా క్రిస్మస్ దీపాలు చుట్టారు. ఆ అమ్మాయి రెండు గంటలు రాసుకుని దిగింది. ఇదీ పోయినట్టేనని అందరూ తలలు దించుకున్నారు.

"సగం కన్నా తక్కువ మిగిలితే మా లెక్కలో అది విమానం కాదండీ. జాబితాలోంచి కొట్టేశాను. ఇక మీదే, ఉంచుకోండి" అంది.

ఎల్డన్ తుపాకుల మాటేమిటని అడిగాడు.

"అవి వేరే ఆఫీసు. వాటి రూపం ఎవరూ చూడరు తాతగారూ. ఏడు ఉన్నాయా లేవా అంతే."

ఎవరూ ఎవరి వంకా చూసుకోలేదు. గెర్హార్డ్ మాత్రం, పాత ఇనుము బండి ఇప్పటికి పట్నం దాటి ఉంటుందని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

శనివారం శ్మశానానికి డ్వేన్ తన తుపాకి పట్టుకుని వచ్చాడు. ఎందుకొచ్చావని ఓర్లిన్ అడిగితే, "నా తుపాకి ముక్కలు ఎక్కడ పేల్తే అక్కడ నేనుంటా" అన్నాడు. ఎల్డన్ అతన్ని భుజం పట్టి తీసుకెళ్ళి లెస్టర్ ఉండే చోట నిలబెట్టాడు. ఏడుగురయ్యారు.

మొదటి విడత ఒక్క చప్పుడుగా రావలసింది, ఐదు చప్పుళ్ళుగా వచ్చింది. పొడుగైన తుపాకి మీద ఓర్లిన్ వేలు మీటకు వెంటనే అందలేదు. రెండో విడతకు బిరడాలు లేక తూటాలు తమంతట తాము ఎక్కలేదు. గుబ్బలు లేని పిడులు లాగడానికి ముసలి వేళ్ళు చాల్లేదు. ఒకడు తుపాకిని మోకాళ్ళ మధ్య బిగించి లాగాడు. గెర్హార్డ్ పేల్చిన ప్రతిసారీ భుజం పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసేవాడు. పెనం మీద పేలాలు వేగుతున్నట్టు అక్కడొకటి, ఇక్కడొకటి. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టి, ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఎల్డన్ లోలోపల లెక్కపెడుతూనే ఉన్నాడు. ఇరవై ఒకటి రావలసింది, ఇరవై దగ్గర ఆగిపోయింది. అతనికి మొహం ఎత్తబుద్ధి కాలేదు.

జనం కాఫీ కోసం చర్చి వైపు తిరిగాక, వెనక నుంచి డ్వేన్‌ది పేలింది. ఒక పెద్దాయన చేతి కర్ర వదిలేశాడు.

ఇనెజ్ ఆగింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఎల్డన్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళతో.

"ఆయనా అంతే. ఎప్పుడైనా అందరూ తిని లేచాకే వచ్చేవాడు. సరిగ్గా చేశారయ్యా."

ఎల్డన్ "ఊఁ" అన్నాడు.

మర్నాడు పొద్దున అతను ఏడు తుపాకులూ బండిలో వేసుకుని డ్వేన్ ఇంటికి వెళ్ళాడు. ముక్కల మీద ఉండే నంబర్లు చూసి వేరు చేద్దామని, ఎన్నాళ్ళు పట్టినా కూర్చుంటానని చెప్పాడు. అతను ఒక్కసారిగా అన్ని మాటలాడటం డ్వేన్ అదే మొదటిసారి వినడం. డ్వేన్ తుపాకి వంటింటి బల్ల మీద, మూతికి మసితో, తుడవకుండా పడి ఉంది. తూటా ఎక్కిస్తూ నలిగిన అతని బొటనవేలికి కట్టు ఉంది.

"ఉండనివ్వండి" అన్నాడు డ్వేన్, కాఫీ పోస్తూ. కప్పు ముందుకు జరిపి, "మళ్ళీ పేల్చేది ఎప్పుడు ఎల్డన్ గారూ?" అని అడిగాడు.

ఎల్డన్ ఓర్లిన్ గుండె గురించి ఆలోచించాడు. గెర్హార్డ్ దగ్గు గురించి కూడా ఆలోచించాడు. ఇంకా ఎవరూ తేదీ చెప్పలేదన్నాడు.