తవిటమ్మ నవ్వుకు ధ్రువీకరణ

మానవుల ఆనందాన్ని ఇకమీదట మానవుల ఇష్టానికి వదిలేయడం కుదరదని అంతర్జాతీయ భావచిత్ర మహాసమాఖ్య ఈ ఏడాది తేల్చిచెప్పింది. ఏ దేశంలో ఎవరు ఆనందిస్తున్నారు, ఎందుకు ఆనందిస్తున్నారు, ఆ ఆనందం నిబంధనలకు లోబడి ఉందా లేదా అన్నది నిగ్గు తేల్చడానికి ప్రపంచస్థాయి ఫొటోల పోటీ ఒకటి పెట్టింది. పోటీ అంశం ఆనందం. పాల్గొనడానికి అర్హత, కెమెరా ఉండటం. (ఆనందం ఉండటం తప్పనిసరి కాదని కింద చిన్న అక్షరాల్లో ఉంది.)

ఈ ప్రకటన కోటబొమ్మాళి స్టేషను రోడ్డులో ఫొటో స్టూడియో నడిపే గిరిబాబు ఫోనులోకి వచ్చిపడే నాటికి, పక్క ఊళ్ళో కాపురముండే తవిటమ్మకు ఆ సమాఖ్యతో ఎలాంటి పేచీ లేదు. ఆమెకు కావలసిందల్లా ఒక్క ఫొటో. తను పోయాక గోడకు తగిలించే ఫొటో.

దానికొక కారణం ఉంది. ఆమె భర్త సోములు బతికినన్నాళ్ళూ కార్డుల కోసం తప్ప ఫొటో దిగి ఎరగడు. ఆయన పోయినప్పుడు గుర్తింపు కార్డులోని గోరంత బొమ్మనే గిరిబాబు పెద్దది చేసి ఇచ్చాడు. ఆ కార్డులో సోములు కొబ్బరికాయలు దొంగిలిస్తూ దొరికిపోయినవాడిలా ఉన్నాడు. కొంత పెద్దరికం తెద్దామని గిరిబాబు ఉదారంగా ఒక నల్లకోటూ ఎర్ర టైయ్యీ అతికించాడు. పంచె, తువ్వాలు తప్ప మరొకటి కట్టని సోములు అప్పటినుంచీ గోడ మీద, కోటు వేసుకుని మరీ దొరికిపోయినవాడిలా ఉంటున్నాడు. ఇంటికొచ్చినవాళ్ళు "ఈ మేనేజరుగారు ఎవరండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా తవిటమ్మకు నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. తనతో కలిసి ఊడ్పులూ కోతలూ చేసిన మనిషి ఆ పటంలో ఎక్కడా లేడు.

తనకు ఆ గతి పట్టకూడదని ఆమె గట్టిగా అనుకుంది. మనవడు త్రినాథ్‌కు సాలూరు సంబంధం కుదిరింది. రాబోయే పిల్లకు తను ఎలాంటి మనిషో తెలియదు. ఆ పిల్ల కడుపున పుట్టేవాళ్ళకు అసలే తెలియదు. తవిటమ్మ ఊరందరికీ నవ్వుమొహం మనిషి. అది వాళ్ళకూ తెలియాలి. ఆమె ఆశ అంతే, అంతకు మించి ఒక్క వీసం లేదు.

అందుకే ఒకరోజు మంచి చీర కట్టుకుని స్టూడియోకి వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

"గోడకెట్టే ఫొటో కదత్తా, కొంచెం పోయినోళ్ళ మాదిరి కూకో" అన్నాడు గిరిబాబు.

"పోయినోళ్ళు ఎలాగ కూకుంటారురా?"

"గంబీరంగా కూకుంటారు."

"కాదురా. మీ మావని సూసినాను కదేటి. కోటేసుకుని కూకుంటారు" అంది తవిటమ్మ. అన్నాక ఆ మాటకు తనకే నవ్వొచ్చింది. కళ్ళు చిట్లించి, చేత్తో మోకాలు కొట్టుకుని, పోయిన పన్ను సందు కూడా కనబడేలా నవ్వింది. గిరిబాబు వేలు దానంతటదే నొక్కేసింది.

కంప్యూటరులో ఆ ఫొటోను గిరిబాబు పెద్దది చేసీ చిన్నది చేసీ చూసుకున్నాడు. అతని వృత్తి జీవితమంతా, నవ్వొద్దని కసిరి కార్డు ఫొటోలూ, నవ్వండని కసిరి పెళ్ళి ఫొటోలూ తీయడంతోనే గడిచింది. ఎవరూ కసరకుండా వచ్చిన మొహాన్ని తీయడం ఇదే మొదలు. సమాఖ్యవారి పోటీ గుర్తొచ్చింది. కంప్యూటరులోనే వారి యాప్ తెరిచాడు. నిబంధనలు చాంతాడంత వచ్చాయి. చివర 'సమ్మతిస్తున్నాను' అన్న మీట కనబడగానే, గుళ్ళో గంట కొట్టినంత భక్తిగా నొక్కాడు. (ఆ మీట కాకుండా మరొకటి నొక్కిన మనిషి ఈ జిల్లాలో ఇంతవరకూ కనబడలేదు.)

పోటీకి వచ్చిన చిత్రం ప్రపంచంలో మరెక్కడా ఉండరాదన్నది నిబంధనల్లో ఒకటి. యాప్ దాన్ని తనే అమలుచేసింది. ఫొటోను అందుకుని, గిరిబాబు కంప్యూటరులోని ప్రతిని శుభ్రంగా తుడిచేసి, 'మీ చిత్రం ఇప్పుడు సురక్షితం' అని అభినందించింది. కెమెరాలో ఉన్నదాన్ని అతనే ఆ మర్నాటి పెళ్ళి కోసం ఖాళీ చేసేశాడు.

తవిటమ్మ ఫొటో కోసం వచ్చింది.

"నీ ఫొటో ప్రపంచ పోటీకి ఎల్లిందత్తా!"

"ఎల్తే ఎల్లింది. నాది నాకియ్యి."

"ఇయ్యడానికి నా కాడ లేదు. గెలిస్తే ఆళ్ళే ఫ్రేము కట్టి నీకు పంపుతారు."

"గెలవకపోతే?"

గిరిబాబు ఫోనులో నిబంధనలు పైకీ కిందికీ జరిపాడు. "భద్రంగా దాస్తారంట."

"ఎక్కడ?"

"ఆళ్ళ కాడే."

"నా మొకం ఆళ్ళకేటికిరా? ఆళ్ళ గోడకెట్టుకుంటారేటి?" అని తవిటమ్మ మళ్ళీ బల్ల మీద కూర్చుంది. "ఇంకోటి తియ్యి."

గిరిబాబు తీశాడు. ఒకటికి పది తీశాడు. కోపంతో కూర్చున్న మనిషి మొహం ఎలా ఉంటుందో ప్రతిదాంట్లోనూ అలాగే ఉంది. నవ్వమంటే పెదాలు సాగాయి గానీ కళ్ళు కదలలేదు. పదీ చూసి, "ఇది కార్డులో మొకమేరా" అని లేచి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళే దారంతా ఆమెకు దుఃఖం ఆగలేదు. (ఆ దుఃఖాన్ని ఎవరూ ఫొటో తీయలేదు కనుక అది లెక్కలోకి రాదు.)

తర్వాత కొన్నాళ్ళకు, చిత్రం తుది పరిశీలనకు ఎంపికైందనీ, అందులోని ఆనందం అసలైనదని ధ్రువీకరించడానికి జిల్లా ఆనంద పరిశీలకులు స్వయంగా వస్తున్నారనీ సమాచారం వచ్చింది. ఆ పరిశీలకుడి పేరు ప్రద్యుమ్న. తరతరాలుగా సంగీతం చెప్పుకున్న కుటుంబంలో పుట్టి, మనస్తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఒప్పంద పద్ధతిలో ఈ ఉద్యోగానికి కుదిరాడు. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల ఆనందమూ అతని చేతిలోనే ఉంది. సమాఖ్య మిగతా భావాలకూ ఇలాంటి పోటీలే నడుపుతోంది. భయం విభాగం చూసేవారు సెలవులో ఉన్నందువల్ల దానికీ, మనిషి దొరకనందువల్ల అసహ్యానికీ అతనికే అదనపు బాధ్యతలు అప్పగించారు.

అతను వచ్చేసరికి వీధి వీధంతా తవిటమ్మ గుమ్మంలోనే ఉంది. ప్రద్యుమ్న అరుగు మీద కూర్చుని, మెడలో గుర్తింపు బిళ్ళ సరిచేసుకుని, ట్యాబు తెరిచాడు.

"అమ్మా, ఆ రోజు మీకు ఆనందం ఏ కారణం చేత కలిగింది?"

"నవ్వొచ్చింది బాబూ, నవ్వినాను."

"అది కారణం కాదమ్మా, ఫలితం. కారణాలు ఇందులో ఉన్నాయి. వివాహం, సంతానం, ఉద్యోగం, పదోన్నతి, దుస్తుల కొనుగోలు, వాహన కొనుగోలు."

"మా ఆయన కోటు తలుసుకుని నవ్వినాను."

ప్రద్యుమ్న కాసేపు ఆలోచించి 'దుస్తుల కొనుగోలు' నొక్కాడు. తర్వాత ట్యాబును ఆమె మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"ఇప్పుడు ఒక్కసారి నవ్వాలమ్మా. అప్పుడు నవ్విన నవ్వూ ఇప్పుడు నవ్వే నవ్వూ ఒకటేనని యాప్ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే ఫొటో పోటీలో నిలుస్తుంది."

ఈ నవ్వు సరిగ్గా వస్తేనే తన మొహం తనకు దక్కుతుంది. తవిటమ్మ నవ్వుదామని నోరు తెరిచింది. రాలేదు. పక్కింటి లక్ష్ముడు జాతరలో పులివేషం గంతులన్నీ వేసి చూపించాడు. ఎదురింటి అప్పలసూరి తను పెళ్ళిచూపులకెళ్ళి దూడ తాడు కాలికి చుట్టుకుని పడ్డ కథ చెప్పాడు. (ఆ కథ ఊళ్ళో దూడలకు కూడా వచ్చు.) గిరిబాబు ఒక మూల నిలబడి "అత్తా, నవ్వత్తా, నీకు దండం పెడతాను" అని బతిమాలాడు. తవిటమ్మ కళ్ళల్లో భయం తప్ప మరేమీ కనబడలేదు.

"కంగారు పడకండమ్మా. నిబంధన ఏమిటో చదువుతాను, మీకు సులువవుతుంది" అని ప్రద్యుమ్న గొంతు సవరించుకున్నాడు. పూర్వీకుల సంగీతం వృథా పోలేదు, చక్కని శ్రుతిలో చదివాడు. "ఆనందించువారు తాము ఆనందించబోవు విషయమును మూడు పనిదినములు ముందుగా తెలియజేయవలెను. ఆకస్మికముగా ఆనందము కలిగినచో, కలిగిన చోటనే కదలక నిలిచి, పరిశీలకుడు వచ్చువరకు దానిని అదే స్థితిలో ఉంచవలెను."

తవిటమ్మ ఆ మాటలు విన్నది. కోడిపుంజును గంప కింద మూసినట్టు నవ్వును మూసిపెట్టుకుని కూర్చున్న మనుషులు ఆమె కళ్ళముందు కదిలారు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. "ఓలమ్మో, ఓలమ్మో" అంటూ అరుగు మీద పక్కకు ఒరిగిపోయి, ఊపిరాడక, కళ్ళవెంట ధారగా నీళ్ళు కారేలా నవ్వింది. వీధంతా నవ్వింది. ప్రద్యుమ్న కూడా నవ్వాడు. తవిటమ్మది అచ్చం ఫొటోలోని నవ్వే.

ట్యాబు టింగుమంది. 'కన్నీరు గుర్తించబడింది. భావం: దుఃఖం. తీవ్రత: అత్యధికం.'

"అమ్మా, మీరు ఏడుస్తున్నారు" అన్నాడు ప్రద్యుమ్న.

"నవ్వుతన్నాను బాబూ!"

"నాకూ నవ్వులాగే కనిపిస్తోంది. కానీ నాకు కనిపించింది రాయడానికి ఇందులో గడి లేదు."

"మరైతే ఏటి సెయ్యాలి?"

"అప్పీలు చేసుకోవచ్చమ్మా. మీరు నవ్వే మనిషేనని రుజువుగా, మీరు నవ్వుతున్న ఫొటో ఒకటి జతచేయాలి."

"అది మీ కాడే ఉన్నాది కదా బాబూ!"

"ఉంది. కానీ దాన్ని వాడుకునే హక్కు మీకు లేదు" అన్నాడు ప్రద్యుమ్న. ఆ మాట అన్నందుకు అతనికి నిజంగానే బాధేసింది. తల వంచుకుని మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు.

సమాఖ్య దయగలది. ఏ ఫొటోనూ తిరస్కరించదు, బదిలీ చేస్తుంది. ఆనందంలో ఇమడనివాటిని ఖాళీలున్న భావంలోకి పంపుతుంది. తవిటమ్మ దుఃఖం విభాగానికి బదిలీ అయింది. అక్కడ ప్రథమ బహుమతి కొట్టింది. అయిదు ఖండాల న్యాయనిర్ణేతలు ఏకగ్రీవంగా, "ఈ గ్రామీణ స్త్రీ తెరిచిన నోటిలో యుగాల ఆక్రోశం వినిపిస్తోంది. ఊడిన పన్ను ఒక నాగరికత కోల్పోయిన సమస్తానికీ ప్రతీక" అని రాశారు. (ఆ పన్ను చెరుకు నములుతుంటే ఊడింది.) గిరిబాబుకు శ్రీకాకుళంలో శాలువా కప్పారు. దుఃఖాన్ని ఇంత దగ్గరగా చూసిన కళాకారుడు ఉత్తరాంధ్రలో మరొకడు లేడని వక్తలు పోటీపడి చెప్పారు. అతను కాదనలేదు.

ఆ తర్వాత తవిటమ్మకు ఫ్రేము వచ్చింది. మంచి టేకు చట్రం, మెరిసే అద్దం. లోపల తన మొహం, తనలాగే. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. చీర చెంగుతో అద్దం తుడిచి మళ్ళీ చూసుకుంది. చట్రం కింద ఇత్తడి రేకు మీద పెద్ద అక్షరాలతో ఏదో చెక్కి ఉంది.

"ఏటి రాసినారురా?"

"'దుఃఖం. ప్రథమ బహుమతి' అని రాసినారు" అన్నాడు గిరిబాబు నేల చూస్తూ. "రేకు పీకితే ఫొటో ఎనక్కి తీసేసుకుంటారంటత్తా. దండేసి కప్పేద్దాం."

"దండెయ్యకురా, ఇంకా బతికున్నాను" అంది తవిటమ్మ. "ఉండనీ. రేకెవుడు సూస్తాడు? మొకం సూస్తారు."

తవిటమ్మ అంచనా ఇక్కడే తప్పింది. చదువురానివాళ్ళు వచ్చి, "ఎంత బాగా నవ్వినావే" అని మురిసిపోయారు. చదువుకున్నవాళ్ళు వచ్చి, ముందు రేకు చదివి, తర్వాత మొహం చూసి, చెప్పులు విప్పి నిలబడ్డారు. "నవ్వుతన్నాను కదేటి" అని ఆమె చెబితే, "కింద రాసున్నాది కదా పిన్నీ" అన్నారు. రాసున్నదాన్ని కాదనడానికి ఆమెకు చదువు లేకపోయె. ఒకాయన మరీ జాలిపడి వృద్ధాశ్రమం నంబరు ఇచ్చి వెళ్ళాడు.

త్రినాథ్ పెళ్ళయింది. సాలూరు నుంచి శ్రావణి కాపురానికి వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల, మెత్తని మనసు. తవిటమ్మ ఈ రోజు కోసమే కాచుకుని ఉంది. కాళ్ళకు దండం పెట్టిన పిల్లను చెయ్యి పట్టుకుని ఫొటో ముందుకు తీసుకెళ్ళింది.

"సూడమ్మా, ఎలాగున్నాను?"

శ్రావణి వంగి రేకు చదివింది. ఫొటో వంక చూసింది. ముసలామె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎంత కష్టం పడ్డావో మామ్మా."

"కష్టమేటే పిల్లా! నవ్వుతన్నాను, సూడు."

"నా కాడ దాసుకోకు మామ్మా. నాను నీ మనిషినే."

ఆ పిల్ల మొహంలోని జాలి చూసేసరికి తవిటమ్మకు భుజాలు కదిలాయి. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. "ఓలమ్మో" అంటూ గోడకు చేరబడి, కళ్ళనిండా నీళ్ళతో నవ్వు మొదలుపెట్టింది.

శ్రావణి కంగారుగా ఆమె తలను గుండెకు హత్తుకుని, కొత్త చీర చెంగుతో కళ్ళు తుడుస్తూ, "ఊరుకో మామ్మా, ఇంక ఏడవకు, ఊరుకో" అంది.

తవిటమ్మ ఊరుకుంది.