సేనాని మాయం

మా ఇంట్లో నలుగురం. నేను, మా ఆవిడ వాన్‌ఛ్యూ, ఆవిడ ప్లాస్టిక్ బొమ్మలు రెండు. నేనూ ఆడదాన్నే కాబట్టి, "మొగుడన్నాక సర్దుకుపోవాలి" అని ఓదార్చేవాళ్ళు కూడా నాకు లేరు.

చూపుడువేలంత ఉంటాయి ఆ బొమ్మలు. ఒకతె సేనాని, ఒకతె వైద్యురాలు. నెట్‌లో ఏళ్ళ తరబడి సాగుతున్న ఒక నవలలో ప్రేమజంట. వీళ్ళ అభిమానులు ఎక్కడ తిన్నా, ముందు ఈ ఇద్దర్నీ గిన్నె పక్కన నిలబెట్టి ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. ఒక్కదాన్నే తీస్తే కాపురం విడదీసిన పాపం చుట్టుకుంటుంది. ఆ క్రతువు ముగిసేసరికి నా నూడిల్స్ ముద్దకట్టి చల్లారిపోతాయి.

ఆ శనివారం మిరపకాయ పిన్ని కొట్టుకు వెళ్ళాం. మా కావోష్యుంగ్ ఊళ్ళో ఆవిడ నూడిల్స్‌కీ సాటి లేదు, నోటికీ సాటి లేదు. "వేడిమీద తినకపోతే గిన్నె లాగేసుకుంటా" అంటుంది.

వాన్‌ఛ్యూ వెలుతురు చూసుకోవడానికి ముందు బొమ్మలు లేకుండా గిన్నెను ఫోటో తీస్తోంది. అదను చూసి సేనానిని నా కోటు జేబులో వేసేశాను. జంట లేకపోతే ఫోటో లేదు, హాయిగా వేడివేడిగా తినొచ్చు. ఇంటికెళ్ళాక ఆవిడ సంచి అడుగున దొరికినట్టు నటిస్తే సరి. కోటు కుర్చీకి తగిలించి చేతులు కడుక్కుని వచ్చాను.

"సేనాని ఏదే?"

"నన్నడుగుతావేం? యుద్ధానికి వెళ్ళిందేమో. ముందు తిను."

"దాన్ని పోగొట్టుకుని తినమంటావా? నీకసలు గుండె ఉందా?"

"ఉంది. దాని కింద కడుపు కూడా ఉంది."

వాన్‌ఛ్యూ గ్రూపులో కబురు పెట్టింది. సేనానికి ఊళ్ళో ఇంతమంది చుట్టాలున్నారని నాకు తెలీదు. కాలేజీ పిల్లలు, పిల్లల తల్లులు, భూతద్దం టీచరమ్మ అని మేం పిలుచుకునే రిటైరైన మేడమ్, అందరూ వచ్చి బల్లల కింద దూరారు.

"ఎలాగూ దూరారు, ఆ మూల కాస్త ఊడ్చి రండి," అంది పిన్ని.

ఇక చాల్లే అని జేబులో చెయ్యి పెట్టాను. ఖాళీ. రెండో జేబులో నలిగిన టిష్యూ.

మా పెళ్ళి విందుకు మా అమ్మ రాలేదు. ఆ ఖాళీ కుర్చీ చూసి నేను ఏడవకూడదని, వాన్‌ఛ్యూ అందులో దిండు వేసి ఈ ఇద్దర్నీ నిలబెట్టి, ముందు కేకు ముక్క పెట్టింది. ఆరోజు నేను నవ్వాను. ఆ సేనానిని నూడిల్స్ కోసం పోగొట్టాను. నేనూ బల్ల కింద దూరాను.

"దొంగ దొరికింది," అంది టీచరమ్మ. ఫోటోలో అద్దం మీది నీడ చూసి ఏ నటి ఎవరితో భోంచేసిందో చెప్పగల మనిషి ఆవిడ. వాన్‌ఛ్యూ తీసిన గిన్నె ఫోటోను పెద్దది చేసింది. పక్కనున్న స్టీలు చెంచాల డబ్బా మీద, సేనానిని పట్టుకున్న ఒక చెయ్యి నీడ కనిపిస్తోంది. దానికి ఆకుపచ్చ పట్టీ గడియారం. అందరూ నా మణికట్టు వైపు చూశారు.

"నేనే తీశానే," అన్నాను, ఏడుపు ఆగక. "కానీ ఇప్పుడు నా దగ్గర లేదు. నిజంగానే పోయింది."

వాన్‌ఛ్యూ తన సంచిలోంచి సేనానిని తీసింది. "చేతులు కడుక్కోవడానికి వెళ్ళావుగా, అప్పుడే నీ జేబు వెతికా. నీ మొహం చూస్తే తెలీదూ?"

"మరి వీళ్ళందర్నీ ఎందుకు పిలిచావు?"

"నువ్వు ఎంతసేపటికి ఒప్పుకుంటావో చూద్దామని."

"మాకు ముందే చెప్పిందిలే," అంది టీచరమ్మ, మోకాళ్ళు దులుపుకుంటూ.

కోపం రావాల్సింది. కానీ గుండెల మీంచి బరువు దిగిపోయి, వాన్‌ఛ్యూ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

పిన్ని పొగలు కక్కే కొత్త గిన్నెలు తెచ్చింది. వాన్‌ఛ్యూ చాప్‌స్టిక్స్ అందుకుంది.

"ఆగవే," అన్నాను. సేనాని వైద్యురాలికి కాస్త ఎడంగా నిలబడి ఉంది. దగ్గరికి జరిపాను. వెలుతురు చాల్లేదు, గిన్నె ఇటు తిప్పాను. నీడ పడింది, అటు తిప్పాను. ఫోటో బాగా వచ్చిందో లేదో చూసుకుని తలెత్తేసరికి, నా గిన్నె పిన్ని చేతిలో ఉంది.